నేల మోసినంతే ఇంజను

1897లో ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ పరీక్షించి చూపిన ఇంజను 20 అశ్వశక్తి ఇచ్చింది. దాని బరువు నాలుగున్నర టన్నులు. ఒక్క అశ్వశక్తి పుట్టాలంటే రెండు వందల కిలోల పైన ఇనుము పోత పోయాలన్నమాట. అటువంటి యంత్రం పదీ పన్నెండేళ్లు తిరిగేసరికి కృష్ణ సముద్రంలో కలిసే చోటికి, దివి ద్వీపానికి, వచ్చింది. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయి, కాలువల కింద బందరు, గుడివాడ తాలూకాల పొలాలు పచ్చబడినా, నది రెండు పాయల నడుమ చిక్కుకున్న దివికి ఆ నీరు అందలేదు. అందుకని 20వ శతాబ్దం మొదటి దశకంలో మద్రాసు ప్రభుత్వం నదిలోంచి నీరు ఎత్తిపోసే పథకం చేపట్టి, పంపులకు డీజిల్ ఇంజన్లు బిగించింది. అప్పటికి లోకంలో చాలా నగరాలు కూడా డీజిల్ ఇంజను ముఖం చూడలేదు. అక్కడ ఒక్కటే మహా ఇంజను తెచ్చి నిలబెట్టలేదు, వరసగా పలు ఇంజన్లు పెట్టారు. నది నిండుగా ఉన్న రోజున కావలసిన బలం వేరు, నీరు కిందికి దిగిన రోజున వేరు. నాట్లప్పుడు కావలసిన నీరు వేరు, చేను పొట్టకొచ్చినప్పుడు వేరు. ఒకటే పెద్ద ఇంజనైతే సగం పనికి కూడా మొత్తం ఇంజనును తిప్పాలి. అది ఆగిందంటే ద్వీపమంతా ఎండుతుంది. తర్వాతి కాలంలో పులిగడ్డ అక్విడక్టు మీదుగా కాలువ నీరే నది దాటి దివికి చేరింది, ఆ పంపుల అవసరం తీరింది. కానీ ఇంజను ఎంత పెద్దది కావాలి అన్న ప్రశ్న ఈ దిగువ డెల్టాలో ఆనాడు మొదలై, వడ్ల మిల్లులో, దమ్ము చేసే మడిలో, సముద్రానికి వెళ్లే పడవలో, కోత మిషన్లో మళ్లీ మళ్లీ ఎదురైంది. ఈ నూరేళ్ల చరిత్రను వరసగా చూస్తే ఒక సంగతి నాకు స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడ ఇంజను పరిమాణాన్ని తేల్చింది ఇంజనులోని బలం కాదు, కొనేవాడి స్తోమతు ఒక్కటే కూడా కాదు. ఆ ఇంజనును మోసేది ఏది, అది ఎంత మోయగలదు అన్నదే తేల్చింది.

ఈ ప్రశ్న మన ఒక్కరిదే కాదు. పాత స్పోర్ట్స్ కార్లను బాగుచేసుకుని నడుపుకునే అమెరికన్ల మధ్య స్మాల్ బ్లాకా, బిగ్ బ్లాకా, అంటే చిన్న ఇంజనా, పెద్ద ఇంజనా అన్న వాదం దశాబ్దాలుగా సాగుతూనే ఉంది. షెవ్రొలే కంపెనీ 1955లో 265 ఘనపు అంగుళాల, అంటే 4.3 లీటర్ల, వి-8 ఇంజను తెచ్చింది. ఆ వంశానిది స్మాల్ బ్లాక్ అన్న పేరు. 1965లో దాని కార్వెట్ కారుకు 396 ఘనపు అంగుళాల బిగ్ బ్లాక్ వచ్చి చేరింది. ఆ ఏడాది కార్వెట్ కొనేవాడికి 375 అశ్వశక్తి ఇచ్చే స్మాల్ బ్లాకూ దొరికేది, 425 ఇచ్చే బిగ్ బ్లాకూ దొరికేది. పైన వచ్చే 50 అశ్వశక్తికి గాను కారు ముందు భాగం మీద చాలా అదనపు బరువు పడేది. తిన్నటి రోడ్డు మీద పెద్ద ఇంజనుకు తిరుగులేదు. మలుపు దగ్గర ఆ బరువే ముందు చక్రాలను బయటికి లాగుతుంది. కారోల్ షెల్బీ తయారుచేసిన కోబ్రా కారు కథ ఇంకా స్పష్టం. ఫోర్డు వారి 289 ఘనపు అంగుళాల చిన్న ఇంజను దాని మొదటి చట్రంలో హాయిగా ఒదిగింది. 427 ఘనపు అంగుళాల ఇంజను పెట్టాలనుకున్నప్పుడు మాత్రం చట్రపు గొట్టాలు లావు చేశారు, పట్టీల స్ప్రింగులు తీసి చుట్ట స్ప్రింగులు వేశారు, ఒళ్లు వెడల్పు చేశారు. ఇంజను మార్చబోయి కారునే మార్చవలసి వచ్చింది. అదే 1965లో ఫెరారీని కాదని గ్రాండ్ టూరింగ్ తయారీదారుల ప్రపంచ పోటీ గెలిచిన డేటోనా కూపేలో ఉన్నది 289 చిన్న ఇంజనే. ఇంత మాత్రాన చిన్నదే గొప్ప అనుకుంటే పొరపాటు. 1984లో హిందుస్థాన్ మోటార్స్ కాంటెస్సా కారును తెచ్చినప్పుడు అంత పెద్ద ఒంటికి అంబాసిడర్‌లోని పాత ఒకటిన్నర లీటర్ల ఇంజను పెట్టింది. 50 అశ్వశక్తి ఆ బరువును లాగలేక లాగలేక లాగింది. తర్వాత ఇసుజు వారి 1.8 లీటర్ల ఇంజను వేస్తే గానీ ఆ కారు కారనిపించుకోలేదు. మోసేదానికీ మోయించుకునేదానికీ పొత్తు కుదరడమే అసలు సంగతి.

దిగువ కృష్ణలో ఆ పొత్తు ఏ లోపమూ లేకుండా కుదిరిన చోటు వడ్ల మిల్లు. 1920ల నుంచి కృష్ణా, గోదావరి డెల్టాల్లో మిల్లులు జోరుగా లేచాయి. గుడివాడ లాంటి ఊళ్లలో కాలువ పక్కన, రైలు స్టేషను దగ్గర, పొగగొట్టం కనిపిస్తే అది మిల్లే. మొదట ఆవిరి, తర్వాత గ్యాసు, ఆయిలు ఇంజన్లు. మిల్లు మధ్య పెద్ద ఇంజను ఒకటి, మనిషి ఎత్తు చక్రం, దాన్నుంచి కప్పు కిందుగా పరిగెత్తే ఇరుసు, ఆ ఇరుసు మీది కప్పీలకు తోలు బెల్టులు, బెల్టులకు హల్లర్లు, జల్లెడలు. ఇక్కడ ఇంజను బరువు దోషం కాదు, గుణం. భారీ చక్రం ఒకసారి ఊపందుకుంటే వడ్ల పోత ఎక్కువైనా తక్కువైనా వేగం చెదరదు. ఇటుకా సున్నంతో లోతుగా కట్టిన దిమ్మె ఆ అదురునంతా మింగేది. ఈ మిల్లుల మీద గాంధీజీకి గట్టి అభ్యంతరం ఉండేది. 1934లో పుట్టిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం దంపుడు బియ్యం వైపు నిలబడి మరబియ్యాన్ని కాదంది. దంపుళ్లతో బతికిన ఆడవాళ్ల కూలి పోయిందన్న ఆ బాధ నిజమైనదే, దాన్ని తేలిగ్గా తోసెయ్యకూడదు. మన ప్రశ్న వరకూ తేలేది వేరు. దిమ్మె కట్టుకోగల చోట ఈ డెల్టా పెద్ద ఇంజనుకు ఏనాడూ జంకలేదు. చిన్న ఊళ్లలో మాత్రం ఒక్క హల్లరు, దానికి లిస్టర్ తరహా ఒంటి సిలిండరు ఇంజను సరిపోయేది. 1929 ప్రాంతంలో ఇంగ్లండులోని డర్స్‌లీలో పుట్టిన ఆ లిస్టర్ నిమిషానికి 600 చుట్లు తిరిగి 5 అశ్వశక్తి ఇచ్చేది, బరువు మూడు వందల కిలోల పైన. అశ్వశక్తికి అరవై కిలోల లెక్క. డీజిల్ తొలి ఇంజనుతో పోలిస్తే నాలుగో వంతుకు దగ్గర. అయినా ఎడ్లబండి మీద ఎక్కించి ఊరు దాటించాలంటే ఒక పూట పని.

ఇంజను మిల్లు గడప దాటి మడిలోకి దిగేటప్పటికి కథ మారిపోయింది. మొవ్వ, ఘంటసాల, చల్లపల్లి, మోపిదేవి పొలాల్లో ఉన్నది నది తెచ్చి పోసిన ఒండ్రు, నల్లని జిగట బంక. తడిస్తే కాలు మోకాలి దాకా దిగబడుతుంది, ఎండితే నోళ్లు తెరుస్తుంది. కాలువ చివరి భూములు కాబట్టి నీరు రావడం ఆలస్యం, వచ్చాక పోవడమూ ఆలస్యమే. ఈ నేలలో తరతరాలుగా దమ్ము చేసింది ఎడ్ల కన్నా ఎక్కువగా దున్నపోతులు. వెడల్పాటి గిట్టలు, బురదంటే ఇష్టం, తొందరలేని నడక. ఒంగోలు ఎద్దుకున్న పరుగు వాటికి లేదు, కానీ ఈ పనికి కావలసింది పరుగు కాదు. 1960ల తర్వాత 35 అశ్వశక్తి మాసీ ఫెర్గూసన్లు, ఇంటర్నేషనల్ బి-275లు దేశంలో తయారై పల్లెల దాకా వచ్చినప్పుడు వాటి బరువు టన్నున్నర దాటి ఉండేది. మెట్ట దుక్కిలో అదే బరువు మేలు చేస్తుంది, చక్రాన్ని నేలకు అదిమి పట్టునిస్తుంది. దమ్ము మడిలో అదే బరువు చక్రాన్ని ఇరుసు దాకా దించుతుంది. అక్కడ డ్రైవరు యాక్సిలరేటరు తొక్కితే ఏమవుతుందో రైతులందరికీ తెలుసు. ఇంజను గర్జిస్తుంది, చక్రం తిరుగుతుంది, బండి కదలదు. ఇంజనులో ఎంత బలం ఉందన్నది కాదు, నేల అందులో ఎంత పుచ్చుకుంటుందన్నదే లెక్క. దీనికి దొరికిన మందు కొత్త ఇంజను కాదు, దమ్ము చక్రాలు. వెనక టైర్ల పక్కన బిగించే ఆ ఇనుప పంజరాలు బరువును వెడల్పుగా పరిచి, బురదను నలిపి, టైరు చేయలేని పట్టు ఇచ్చాయి. ఇంజనుకు కావలసిన బలం ఫ్యాక్టరీలో వచ్చింది, ఆ బలం నేలకు చేరే దారి వెల్డింగు షాపులో తయారైంది. ఆ చక్రాలు తారు రోడ్లను గీరి పాడుచేస్తాయన్న ఫిర్యాదు నిజమే. అది కూడా అదే సూత్రానికి రెండో ముఖం. బురదకు సరిపోయిన పాదం రోడ్డుకు సరిపోదు.

ఈ మార్పుకు దివిసీమలో ఒక విషాదం కూడా తోడైంది. 1977 నవంబరు 19న తుఫానుతో వచ్చిన ఉప్పెన నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాలను ముంచినప్పుడు వేల మంది మనుషులతో పాటు పశువులు లక్షల్లో పోయాయి. మరుసటి పంటకు దున్నాలంటే కాడి కట్టడానికి జత లేని ఊళ్లెన్నో. యంత్రం అక్కడికి విలాసంగా రాలేదు, చనిపోయిన పశువు చోటు నింపడానికి వచ్చింది. ఆ చోటుకు ట్రాక్టరు ఒక్కటే కాక పవర్ టిల్లరు కూడా పోటీ పడింది. బెంగళూరులో జపాన్ మిత్సుబిషి సాయంతో తయారైన శక్తి టిల్లర్ల వంటివి పది, పదమూడు అశ్వశక్తి ఇచ్చేవి, బరువు నాలుగైదు వందల కిలోలు. దున్నపోతు బరువుకూ ఈ యంత్రం బరువుకూ పెద్ద తేడా లేదన్నది గమనించాలి. కాలువ గట్ల మీద, వంతెన లేని బోదె మీద పలకలు వేసి దాటించవచ్చు, ట్రాక్టరు తిరగలేని మూల మడిలో తిరుగుతుంది. అయినా టిల్లరు ట్రాక్టరును ఓడించలేకపోయింది. దాని వెనక మైళ్ల కొద్దీ బురదలో నడిచే మనిషికి ఒళ్లు హూనం. పైగా ట్రాక్టరు దమ్ము అయ్యాక తొట్టి తగిలించుకుని ధాన్యం మోస్తుంది, ఉయ్యూరు చక్కెర మిల్లుకు చెరకు లాగుతుంది. టిల్లరు బాడుగ సంపాదన దానికి సాటి రాదు. అంటే పెద్ద ఇంజను గెలిచింది మడిలో కాదు, రోడ్డు మీద. ఏడాదిలో ట్రాక్టరు బురదలో గడిపే రోజులు కొన్నే, గట్టి నేల మీద గడిపేవి ఎక్కువ. గట్టి నేల పెద్ద ఇంజనును మోయగలదు.

నీటి మీద ఈ సూత్రం ఇంకా తేటగా కనిపిస్తుంది. మన తూర్పు తీరంలో మరపడవలు వచ్చిన దశాబ్దాల్లో పాబ్లో, సొర్ర, సోనా అంటూ పేర్లు మారేకొద్దీ పడవ పొడవూ ఇంజను బలమూ పెరిగాయి. లోతైన రేవు ఉన్న విశాఖ, కాకినాడలకు అది నప్పింది. మచిలీపట్నం పక్కన గిలకలదిండి రేవుది వేరే పరిస్థితి. ఏటి నోట ఇసుక మేట వేస్తుంది, పెద్ద బోటు లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా పోటు కోసం కాచుకోవాలి. అక్కడ బోటు ఎంత పెద్దదై ఉండాలో తేల్చేది ముఖద్వారం లోతే. ఇక రేవే లేని బహిరంగ తీరంలో, నాగాయలంక దిగువ లంకల్లో, పడవను రోజూ ఒడ్డుకు లాగే వాళ్ల భుజాలే హద్దు. 1980లలో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ నడిపిన బంగాళాఖాత కార్యక్రమం ఆంధ్ర తీరానికి ఒడ్డున దిగే పడవలను రూపొందించినప్పుడు, వాటికి వాడినవి గాలితో చల్లబడే చిన్న డీజిల్ ఇంజన్లు, ఎనిమిది తొమ్మిది అశ్వశక్తివి. నీటితో చల్లార్చే ఏర్పాటు లేదు కాబట్టి బరువూ తక్కువ, ఇసుక పట్టి చెడే గొట్టాలూ లేవు. తర్వాత ఫైబరు తెప్పల మీద పొడుగు కడ్డీ చివర పంకా ఉన్న మోటార్లు వచ్చాయి. ఇద్దరు మనుషులు ఎత్తి ఇంటికి తీసుకుపోగలిగిన ఆ ఇంజను, తీరం పక్కన పల్లెల్లో తెరచాప పనిని దాదాపుగా ముగించింది.

దీనంతటికీ ఒక బలమైన అభ్యంతరం ఉంది. నేలా, నీరూ, ఇసుకా అంటూ భౌతిక కారణాలు చెప్పడం ఎందుకు, ఈ ప్రాంతపు రైతుకు చిన్న కమతం, మత్స్యకారుడికి చేతిలో డబ్బు లేదు, అందుకే చిన్న ఇంజన్లు కొన్నారు, అంతే కదా అని. ఇందులో నిజం ఉంది. రెండెకరాల రైతు యాభై అశ్వశక్తి ట్రాక్టరు కొనలేడు. కానీ పేదరికమే కారణమైతే డబ్బున్న చోట లెక్క మారాలి. దివి పంపులు పెట్టింది ఖజానా ఉన్న ప్రభుత్వం, అది కూడా ఒక్క పెద్దదాన్ని కాక అనేకం ఎంచుకుంది. ఇప్పటి కృష్ణా జిల్లా రొయ్యల చెరువుల్లో పెట్టుబడి లక్షల్లో ఉంటుంది. అక్కడా నీటిలో గాలి కలిపే చక్రాలు ఒక్కోటి ఒకటి రెండు అశ్వశక్తివి, చెరువు నాలుగు వైపులా పరిచి ఉంటాయి. ప్రాణవాయువు చెరువంతటా చేరాలి కాబట్టి ఒకే పెద్ద మోటారు మధ్యలో పెట్టి ప్రయోజనం లేదు. మరో వైపు, మిల్లు యజమానులకు అప్పో సొప్పో చేసైనా పెద్ద ఇంజను తెచ్చే తెగువ ఉండేది, ఎందుకంటే దిమ్మె మోసేది. ఒకే జిల్లాలో, ఒకే కాలంలో, కొన్నిసార్లు ఒకే కుటుంబంలో మిల్లుకు పెద్దదీ చేనుకు చిన్నదీ ఎంచుకున్నారంటే కారణం జేబులో మాత్రమే వెతకడం చాలదు.

రెండో అభ్యంతరం ఇంకా సూటిది, దానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను. కాలువ చివరి రైతుకు నీరు ఆలస్యంగా వస్తుంది, వచ్చిన కొద్ది రోజుల్లో దమ్ము ముగించి నాటెయ్యాలి, లేకపోతే పంట చివర్లో తుఫాను నెలల నోట పడుతుంది. 1977 నాటి ఉప్పెన వచ్చింది సరిగ్గా కోతల ముందే. కాబట్టి వేగం ఇక్కడ ప్రాణావసరం, వేగానికి బలం కావాలి, బలానికి పెద్ద ఇంజను కావాలి. ఈ వాదన ఇటీవల 45, 50 అశ్వశక్తి ట్రాక్టర్లను, రోటవేటర్లను మడుల్లోకి తెచ్చింది, అవి పని తొందరగా ముగిస్తున్నాయి, కాదనలేం. కానీ అవి ముగించగలిగింది ఎలాగో చూడాలి. నాలుగు చక్రాలకూ బలం అందించే ఏర్పాటు వచ్చింది. నేలను లాగే నాగలి బదులు ఇంజను బలాన్ని ఇరుసు ద్వారా నేరుగా బురదలో తిప్పే రోటవేటరు వచ్చింది. చక్రం పట్టు మీద ఆధారపడడం తగ్గింది. కోబ్రాలో 427 ఇంజను పట్టడానికి చట్రం మార్చినట్టే, మడిలో 50 అశ్వశక్తి పట్టడానికి బలం నేలకు చేరే దారిని మార్చారు. మార్చని చోట ఆ ట్రాక్టరు పాత దానిలాగే దిగబడుతుంది, దాన్ని లాగడానికి ఇంకోటి పిలవాలి. పైగా ఏటేటా బరువైన యంత్రం తొక్కిన మడిలో గట్టి పొర కిందికి జారుతూ పోతుంది. నీళ్లు ఇంకకుండా ఆపే ఆ పొర వరికి కొంతవరకు మంచిదే, వరి తర్వాత వేసే పంటకు మంచిది కాదు.

ఆ తర్వాతి పంటే ఈ డెల్టాలో చివరి తీర్పు చెబుతుంది. ఇక్కడి రైతు వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, చేను ఇంకా నిలబడి ఉండగానే, తడి నేల మీద మినుమో పెసరో చల్లుతాడు. దుక్కి లేదు, నీరు లేదు, మిగిలిన తేమతో మంచు కాలమంతా పెరిగి పంట చేతికొస్తుంది. మనుషులు కొడవళ్లతో కోసినన్నాళ్లూ మొలకకు వాళ్ల అరికాళ్ల బరువే పడేది. కూలీలు దొరక్క కోత మిషన్లు వచ్చినప్పుడు, పంజాబు గట్టి నేలల కోసం తయారైన టైర్ల హార్వెస్టర్లు ఎన్నో టన్నుల బరువుతో ఈ తడి చేలల్లో దిగి గాడులు తీశాయి. గాడిలో పడ్డ మినుము మొలవదు, మొలిచినా నీళ్లు నిలిచి కుళ్లుతుంది. కాబట్టే టైర్లకు బదులు పట్టాల మీద నడిచే చైను మిషన్లకు గిరాకీ పెరిగింది. క్లాస్ కంపెనీ ఫరీదాబాదులో చేసిన క్రాప్ టైగర్ వంటివీ, జపాన్ తరహా రబ్బరు పట్టాల మిషన్లూ 60, 70 అశ్వశక్తితోనే నడుస్తాయి. టైర్ల మిషన్ల ఇంజన్ల ముందు అవి చిన్నవి. కానీ బరువు పొడవాటి పట్టా మీద పరుచుకోవడం వల్ల చదరపు సెంటీమీటరుకు పావు కిలో చుట్టుపక్కల ఒత్తిడే పడుతుంది, ట్రాక్టరు టైరు కింద పడేదానికి నాలుగో వంతు. బాడుగ గంటకు ఎక్కువైనా రైతు చైను మిషన్నే పిలుస్తాడు, ఎందుకంటే అతను వరితో పాటు మినుమును కూడా లెక్క కడతాడు.

అయినా మన సర్కారు పథకాల్లో యంత్రాన్ని గుర్తించే కొలత ఇప్పటికీ అశ్వశక్తే. వ్యవసాయ యంత్రీకరణ సబ్సిడీలో ట్రాక్టరును 20 లోపు, 20 నుంచి 40, ఆపైన అని విడదీస్తారు, పవర్ టిల్లరును 8 అశ్వశక్తికి అటూ ఇటూ అని. నర్సరావుపేట మెట్టకూ నాగాయలంక పల్లానికీ ఒకటే పట్టిక. ఇంజను ఎంత బలమైనదో రైతుకు షోరూములో బోర్డు మీద కనిపిస్తుంది. దమ్ము చక్రాలతో, డీజిలుతో, డ్రైవరుతో కలిపి ఆ బండి బరువెంత, అది చదరపు సెంటీమీటరుకు ఎంత ఒత్తుతుంది, తడి నేలలో చక్రం ఎంత జారుతుంది అన్నవి రాయరు. యంత్ర పరీక్షా కేంద్రాల నివేదికల్లో బరువు అంకె ఉంటుంది. దాన్ని డెల్టా రైతుకు అశ్వశక్తి పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో చూపించడానికి అయ్యే ఖర్చు కాగితం ఖర్చే. కాలువ చివరి మండలాలకు సబ్సిడీని ఆ రెండో అంకెను బట్టి ఇవ్వమని అడగడానికి దివి పంపుల నాటి నుంచి చైను మిషన్ల దాకా ఈ నేల ఇచ్చిన సాక్ష్యం చాలినంత ఉంది.